బిడ్డపై హక్కు: కన్నవారు, రాజ్యం, యజమాని

1

బిడ్డను ఎలా పెంచాలో, ఏ బడికి పంపాలో, ఏ భాషలో చదివించాలో నిర్ణయించవలసింది ఎవరు? ఈ ప్రశ్నకు మనలో చాలామంది తడుముకోకుండా కన్నవాళ్లే అని జవాబు చెబుతారు. అది సహజమైన హక్కనీ, కోర్టులు ఇస్తే వచ్చేదీ తీసేస్తే పోయేదీ కాదనీ అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కాని సమాజంలో సహజమైనవిగా చలామణి అయ్యే హక్కులకు కూడా పుట్టిన తేదీలుంటాయి. వాటిని కోరినవారూ, అడ్డుకున్నవారూ, వాటివల్ల లాభపడినవారూ ఉంటారు. తల్లిదండ్రుల హక్కు ఇందుకు మినహాయింపు కాదు.

ఈ విషయం ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఉంది. కొన్నేళ్లుగా బోధనాభాష గురించి మన దగ్గర జరుగుతున్న వాదోపవాదాలు చివరకు ఒక్క మాట దగ్గరకు వచ్చి ఆగుతున్నాయి: తల్లిదండ్రుల ఇష్టం. ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించేవారూ ఆ మాటే అంటారు; దాన్ని కొట్టివేయమని కోర్టుకెక్కేవారూ ఆ మాటే అంటారు. ప్రైవేటు బడుల యాజమాన్యాల సంగతి సరేసరి. తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి గనుక ఈ వాదంలో నేను తటస్థుణ్ణి కాను. అందుచేతనే నా ఇష్టాయిష్టాలను కాసేపు పక్కన పెట్టి, ఈ మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల్లో పెరిగిందో చూడాలనిపించింది. దీన్ని రాజ్యాంగపరమైన హక్కుగా తీర్చిదిద్దిన తీర్పుల్లో ప్రసిద్ధమైనవి అమెరికా న్యాయస్థానాలవి. కాబట్టి ముందు అక్కడికి వెళ్లాలి.

2

1787లో రాసిన అమెరికా రాజ్యాంగంలో తల్లి, తండ్రి, బిడ్డ అనే మాటలు లేవు. బడి అనే మాట కూడా లేదు. తర్వాతి కాలపు న్యాయమూర్తులు తల్లిదండ్రుల హక్కును వెలికితీసింది 1868లో చేరిన పద్నాలుగవ సవరణలోని ఒక్క పదం నుంచి. చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా ఏ రాష్ట్రమూ ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ హరించరాదని ఆ సవరణ చెబుతుంది. ఆ స్వేచ్ఛలోనే బిడ్డల్ని పెంచుకునే స్వేచ్ఛ కూడా ఇమిడివుందని వారన్నారు.

ఇంతకూ ఆ సవరణ ఎవరి కోసం వచ్చింది? ప్రధానంగా బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి ప్రజల కోసం. బిడ్డ మీద హక్కు అంటే ఏమిటో వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1662లో వర్జీనియా శాసనసభ ఒక చట్టం చేసింది. పుట్టిన బిడ్డ స్వతంత్రుడా బానిసా అనేది తల్లి స్థితిని బట్టి తేలుతుందని దాని సారాంశం. ఇంగ్లండు సంప్రదాయంలో బిడ్డ స్థితి తండ్రిని బట్టి ఉండేది. వలస భూస్వాములు ఆ సంప్రదాయాన్ని తలకిందులు చేశారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. యజమాని బానిస స్త్రీని చెరిచి కన్న బిడ్డ కూడా యజమాని ఆస్తి పద్దులోనే చేరుతుంది. ఆ తర్వాత రెండు శతాబ్దాల పాటు తల్లిని ఒకరికీ బిడ్డను మరొకరికీ అమ్మడం చట్టసమ్మతమైన వ్యాపారంగా సాగింది.

బానిసత్వం రద్దయిన తర్వాత కూడా యజమానులు పిల్లల్ని ఒక పట్టాన వదల్లేదు. మేరీలాండులో 1864 నవంబరు 1న బానిసత్వం రద్దయింది. వెంటనే పాత యజమానులు స్థానిక కోర్టుల ముందు బారులు తీరారు. పిల్లలకు పని నేర్పిస్తామనే మిషతో, తల్లిదండ్రులు పోషించలేరనే నెపంతో, వేలాది నల్లపిల్లల్ని మళ్లీ తమకే కట్టబెట్టించుకున్నారు. తల్లులు ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగారు, అర్జీలు పెట్టుకున్నారు. అలా పాత యజమాని చేతికే తిరిగి వెళ్లిన ఎలిజబెత్ టర్నర్ అనే బాలిక కేసులో, 1867లో ప్రధాన న్యాయమూర్తి సాల్మన్ చేజ్ ఆ ఒప్పందం చెల్లదన్నాడు. తెల్లపిల్లలకొక షరతు, నల్లపిల్లలకొక షరతు పెట్టే ఈ ఏర్పాటు మారుపేరుతో సాగుతున్న వెట్టి తప్ప మరేమీ కాదని ఆ తీర్పు తేల్చింది.

తల్లిదండ్రుల హక్కు చరిత్రను చాలామంది 1923 నుంచి మొదలుపెడతారు. అప్పటికే అర్ధశతాబ్దం కిందట ఆ హక్కు కోసం కోర్టు మెట్లెక్కిన ఈ తల్లుల్ని లెక్కలోకి తీసుకోకపోతే ఆ చరిత్ర సగమే అవుతుంది.

3

నల్లజాతి తల్లుల దగ్గర బిడ్డల్ని లాక్కున్నది పొలం యజమాని. ఆదివాసుల దగ్గర లాక్కున్నది రాజ్యం. 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఆదివాసీ పిల్లల కోసం ఒక వసతి పాఠశాల తెరిచాడు. అక్కడికి చేరిన పిల్లలకు మొదట జరిగేది జుట్టు కత్తిరించడం. తర్వాత పేరు మార్చేవారు, బట్టలు మార్చేవారు. సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. ఆ నమూనాలో దేశమంతటా బడులు వెలిశాయి. బిడ్డను పంపనన్న కుటుంబాలకు తిండిగింజలు నిలిపివేయడానికి అధికారులకు వీలు కల్పిస్తూ 1893లో చట్టం వచ్చింది. ఆ గింజలు ధర్మం కాదు. భూములు పోగొట్టుకున్నందుకు ఒప్పందాల ప్రకారం రావలసిన బాకీ. ఆ బాకీని ఆపి బిడ్డను అడిగారు.

అరిజోనా ప్రాంతపు హోపీ తెగలో కొందరు దీనికి లొంగలేదు. 1895 జనవరిలో 19 మంది హోపీ పురుషుల్ని శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని అల్కాట్రాజ్ ద్వీపానికి తీసుకుపోయి సైనిక కారాగారంలో పెట్టారు. వారి మీద మోపిన నేరాల్లో ముఖ్యమైనది పిల్లల్ని ప్రభుత్వ బడికి పంపకపోవడం. నెలల తరబడి వారు అక్కడ ఉన్నారు. వారి తరఫున ఏ న్యాయమూర్తీ పద్నాలుగవ సవరణను తెరిచి స్వేచ్ఛ అనే పదానికి అర్థం వెతకలేదు. ఆదివాసులందరికీ అమెరికా పౌరసత్వం దక్కిందే 1924లో.

4

ఇక మూడవ రంగం బట్టల మిల్లు. ఇక్కడ కథ మారుతుంది. ఇక్కడ తండ్రి హక్కు పేరిట కోర్టులో దావా పడింది, ఆ దావా నెగ్గింది కూడా.

ఇరవయ్యవ శతాబ్దం మొదటి దశకాల్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల నూలు మిల్లుల్లో పిల్లలు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. వారి శ్రమ చౌక కాబట్టి పెద్దల కూలీ కూడా పెరిగేది కాదు. తండ్రి కూలీ చాలదు కాబట్టి పిల్లలు మిల్లుకు వెళ్లక తప్పేది కాదు. ఈ విషవలయాన్ని తెంచడానికి 1916లో అమెరికా కాంగ్రెసు కీటింగ్-ఓవెన్ చట్టం చేసింది. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఫ్యాక్టరీ సరుకునూ, 14 నుంచి 16 ఏళ్ల లోపు వారిచేత రోజుకు 8 గంటలకు మించి పనిచేయించిన ఫ్యాక్టరీ సరుకునూ రాష్ట్రాల మధ్య రవాణా చేయరాదని అది శాసించింది.

చట్టం అమల్లోకి రాబోతుండగా ఉత్తర కెరొలైనాలోని షార్లెట్ పట్టణంలో రోలండ్ డాగన్‌హార్ట్ అనే మిల్లు కార్మికుడు దావా వేశాడు. అతని ఇద్దరు కొడుకులు రూబెన్, జాన్ అతనితో పాటు అదే మిల్లులో పనిచేస్తున్నారు. మైనరు కొడుకుల శ్రమ మీదా సంపాదన మీదా తండ్రికి హక్కు ఉందనీ, ఈ చట్టం ఆ హక్కును హరిస్తోందనీ అతని ఫిర్యాదు. రెక్కాడితే గాని డొక్కాడని కార్మికుడు అంత పెద్ద వకీళ్లను ఎలా పెట్టుకోగలిగాడు? పెట్టుకున్నది అతను కాదు. దక్షిణాది నూలు మిల్లు యజమానుల సంఘం వెతికి వెతికి ఈ కుటుంబాన్ని ఎంచుకుంది, ఖర్చు తానే భరించింది. యజమాని తన పేర దావా వేస్తే లాభాల కోసమని జనం అంటారు. తండ్రి వేస్తే కుటుంబం కోసమనిపిస్తుంది.

1918 జూన్ 3న సుప్రీంకోర్టు 5-4 తేడాతో చట్టాన్ని కొట్టివేసింది. తీర్పుకు చూపిన ఆధారం కాంగ్రెసు అధికార పరిధి. తండ్రి హక్కు జోలికి కోర్టు పోలేదు. కాని ఫలితం ఒక్కటే. పిల్లలు మిల్లులోనే ఉండిపోయారు.

ఈ కథకు తరువాయి ఉంది. కొన్నేళ్ల తర్వాత, 1923లో, ఒక పత్రికా విలేకరి రూబెన్‌ను వెతుక్కుంటూ వెళ్లాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు, పెళ్లయింది, ఒక బిడ్డ. మనిషి బరువు 105 పౌన్లు, అంటే 48 కిలోలకు లోపు. చదువు లేదు. నువ్వు గెలిచిన దావా వల్ల నీకు ఏం లాభం కలిగిందని విలేకరి అడిగితే, గెలిచింది మిల్లు కంపెనీ గదా, నాకేం లాభమని అతను ఎదురడిగాడు. తన పేర సాధించిపెట్టిన స్వేచ్ఛ అతని వొంటి మీద అలా లెక్క తేలింది.

కోర్టు అడ్డుపడింది గనుక రాజ్యాంగాన్నే సవరిద్దామని 1924లో కాంగ్రెసు తీర్మానించింది. 18 ఏళ్లలోపు వారి శ్రమను నియంత్రించే అధికారాన్ని తనకిచ్చే సవరణను రాష్ట్రాల ఆమోదానికి పంపింది. అప్పుడు మొదలైన ప్రచారం గమనించదగింది. ఈ సవరణ వస్తే కూతురు తల్లికి గిన్నెలు కడిగిపెట్టడం నేరమవుతుందన్నారు. కొడుకు తండ్రితో పొలానికి పోతే పోలీసులు వస్తారన్నారు. ఇది మాస్కోలో పుట్టిన కుట్ర అన్నారు, బిడ్డల్ని రాజ్యం జాతీయం చేస్తుందన్నారు. ఉత్పత్తిదారుల సంఘాలు డబ్బు పోస్తే, కుటుంబ పవిత్రత పేరిట ఉపన్యాసాలు జరిగాయి. అప్పటి 48 రాష్ట్రాల్లో 36 ఆమోదించవలసి ఉండగా, చివరకు 28 మాత్రమే ఆమోదించాయి. ఆ సవరణ నేటికీ రాజ్యాంగంలో చేరలేదు. బాలకార్మిక నిషేధం దేశవ్యాప్తంగా నిలిచింది 1938 నాటి శ్రామిక ప్రమాణాల చట్టంతో, 1941లో సుప్రీంకోర్టు తన 1918 తీర్పును తానే తోసిపుచ్చడంతో.

5

సరిగ్గా ఈ కాలంలోనే తల్లిదండ్రుల హక్కు సుప్రీంకోర్టు తీర్పుల్లో స్పష్టమైన రూపం దాల్చింది. దానికి సందర్భం ఒక భాష.

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. లక్షలాది జర్మన్ వలసదారులు ఒక్కసారిగా అనుమానితులయ్యారు. 1918 ఏప్రిల్‌లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కాలిన్స్‌విల్‌లో రాబర్ట్ ప్రేగర్ అనే జర్మన్ కార్మికుణ్ణి గుంపు ఉరితీసింది. మే నెలలో అయోవా గవర్నరు బహిరంగ ప్రదేశాల్లోనే గాక రైళ్లలో, టెలిఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష వినపడరాదని ప్రకటన చేశాడు. యుద్ధం ముగిసినా ఆ ద్వేషం చల్లారలేదు. 1919లో నెబ్రాస్కా రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్రభుత్వ బడిలోగాని ప్రైవేటు బడిలోగాని ఇంగ్లీషు తప్ప మరే భాషలోనూ పాఠం చెప్పరాదు. ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు ఇతర భాషలు నేర్పనూరాదు.

హాంప్టన్ దగ్గర ఒక లూథరన్ చర్చి బడిలో రాబర్ట్ మేయర్ ఉపాధ్యాయుడు. 1920 మే 25న అతను పదేళ్ల బాలుడి చేత జర్మన్ భాషలో బైబిలు కథ చదివిస్తున్నాడు. ప్రభుత్వ న్యాయవాది ఒకడు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. మేయర్ పాఠం ఆపలేదు. 25 డాలర్ల జరిమానా పడింది. అతను అది కట్టనని పైకోర్టుకు వెళ్లాడు. 1923 జూన్ 4న సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. మనిషి పెళ్లి చేసుకొని, ఇల్లు కట్టుకొని, బిడ్డల్ని పెంచుకోవడం స్వేచ్ఛలో భాగమని న్యాయమూర్తి మెక్‌రేనాల్డ్స్ రాశాడు. బిడ్డల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఒకే మూసలో పోసిన స్పార్టాను, అటువంటి ఏర్పాటును ఆదర్శ రాజ్యానికి ప్రతిపాదించిన ప్లేటోను ప్రస్తావించి, అది తమ రాజ్యాంగ స్ఫూర్తికి పొసగదన్నాడు.

భాషను ప్రేమించే ఎవరికైనా ఈ తీర్పు గౌరవనీయమే. ఒక భాష తెలియడం నేరం కాజాలదని అత్యున్నత న్యాయస్థానం చేత చెప్పించడం చిన్న విజయం కాదు. పల్లెటూరి బడిపంతులు ఒకడు పాఠం ఆపకుండా కొనసాగించి సాధించిన విజయం అది. అయితే దీనికి రెండవ ముఖం కూడా ఉంది. అదే కోర్టు అంతకు రెండు నెలల ముందు, 1923 ఏప్రిల్ 9న, వాషింగ్టన్ నగరంలోని శ్రామిక స్త్రీలకు కనీస వేతనం నిర్ణయించే చట్టాన్ని కొట్టివేసింది. అందుకు ఆధారం కూడా స్వేచ్ఛ అనే ఆ పదమే. తక్కువ కూలీకి ఒప్పుకునే స్వేచ్ఛను స్త్రీ కార్మికురాలి నుంచి తీసివేయరాదట! ఆ తీర్పులోనూ మెక్‌రేనాల్డ్స్ భాగస్వామి. తర్వాతి దశకంలో రూజ్‌వెల్టు సంస్కరణలకు అడ్డునిలిచిన నలుగురు న్యాయమూర్తుల్లో అతనొకడు. తల్లిదండ్రుల హక్కూ, యజమాని ఒప్పంద స్వేచ్ఛా ఒకే చెట్టు కొమ్మలుగా అతని కంటికి కనిపించాయి.

మరి రెండేళ్లకు ఆరిగన్ కేసు వచ్చింది. 1922 నవంబరులో అక్కడి ఓటర్లు ఒక చట్టాన్ని ఆమోదించారు. 8 నుంచి 16 ఏళ్ల పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలన్నది దాని సారం. అందరికీ ఒకే బడి అంటే ప్రజాస్వామికంగానే వినిపిస్తుంది. కాని ఆ చట్టం వెనుక నిలిచినవారిలో కూ క్లక్స్ క్లాన్ ఉంది. క్యాథలిక్ వలసదారుల బడుల్ని మూయించడం దాని ఉద్దేశ్యం. 1925 జూన్ 1న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టివేసింది. బిడ్డ కేవలం రాజ్యం సృష్టించిన వస్తువు కాడని ఆ తీర్పు అన్న మాట ప్రసిద్ధికెక్కింది.

ఈ కేసులో వాదులెవరు? ఒకటి క్రైస్తవ సన్యాసినుల సంస్థ, రెండవది ఒక ప్రైవేటు సైనిక పాఠశాల. తల్లిగాని తండ్రిగాని ఒక్కరు కూడా కక్షిదారుగా లేరు. తమ వ్యాపారానికీ ఆస్తికీ నష్టం జరుగుతోందని పాఠశాలలు ఫిర్యాదు చేశాయి. మేయర్ కేసులో కక్షిదారు ఉపాధ్యాయుడు. ఈ విధంగా తల్లిదండ్రుల హక్కుకు మూలస్తంభాలనదగిన రెండు తీర్పుల్లోనూ తల్లిదండ్రులు పేరుకే ఉన్నారు. ఇది ఆ తీర్పుల విలువను రద్దు చేయదు. 1927లో హవాయిలో జపనీసు భాషా పాఠశాలల మీద పెట్టిన ఆంక్షల్ని కూడా ఈ సూత్రం ఆధారంగానే కోర్టు తోసిపుచ్చింది. ఆ చట్టం పుట్టిన 1920వ సంవత్సరంలోనే అక్కడి చెరకు తోటల్లో జపనీసు, ఫిలిపినో కూలీలు కలిసి పెద్ద సమ్మె చేశారు. కాబట్టి కష్టజీవుల భాషను కాపాడే శక్తి కూడా ఈ సూత్రానికి ఉంది.

కాని ఆ 1927లోనే మరి రెండు తీర్పులు వచ్చాయి. వర్జీనియాలో క్యారీ బక్ అనే పేద యువతిని మందబుద్ధి అని ముద్రవేసి, ఇక బిడ్డలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయడానికి కోర్టు 8-1 తేడాతో అనుమతించింది. మిసిసిపీలో గాంగ్ లమ్ అనే చైనా సంతతి కిరాణా వ్యాపారి తన కూతుర్ని ఊళ్లోని తెల్లపిల్లల బడిలో చేర్చుకోవాలని కోరితే, ఆమెను రంగుజాతి పిల్లల బడికి పంపే అధికారం రాష్ట్రానికి ఉందని ఏకగ్రీవంగా చెప్పింది. బిడ్డను పెంచుకోవడం స్వేచ్ఛలో భాగమని నాలుగేళ్ల కిందట రాసిన మెక్‌రేనాల్డ్స్ ఈ రెండు తీర్పుల్లోనూ మెజారిటీతోనే ఉన్నాడు. బిడ్డను కనే హక్కు పేదరాలికి లేకపోయింది. బడిని ఎంచుకునే హక్కు చైనా తండ్రికి లేకపోయింది. హక్కు అదే, పుస్తకం అదే, న్యాయమూర్తీ అతనే. ఎదుట నిలబడ్డ మనిషి రంగూ తరగతీ మారాయి.

6

ఇంతవరకు చెప్పిన కథలో ఒక మనిషి ఎక్కడా నోరు విప్పలేదని పాఠకులు గమనించే ఉంటారు. ఆ మనిషి బిడ్డ. రూబెన్ మాట్లాడాడు గాని, కోర్టులో కాదు. అంతా అయిపోయిన తర్వాత పత్రికలో.

1972లో విస్కాన్సిన్ రాష్ట్రపు ఆమిష్ రైతుల కేసులో ఈ లోపం మొదటిసారి ప్రముఖంగా బయటపడింది. ఆమిష్ వారు యంత్రనాగరికతకు దూరంగా జీవించే మత సమూహం. ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడి మాన్పించినందుకు ముగ్గురు తండ్రులకు అయిదేసి డాలర్ల జరిమానా వేశారు. సుప్రీంకోర్టు తండ్రుల పక్షం వహించింది. న్యాయమూర్తి డగ్లస్ మాత్రం కొంతమేరకు విభేదిస్తూ ఒక సూటి ప్రశ్న వేశాడు. ఆ పిల్లవాడు పియానో వాయించాలనుకోవచ్చు, వ్యోమగామి కావాలనుకోవచ్చు, వాణ్ణి అడిగారా? 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో ఈ ప్రశ్నకు చోటు దొరికింది. అమెరికా దాని మీద సంతకం చేసింది గాని ఇంతవరకు ధ్రువీకరించలేదు. అడ్డుచెప్పేవారు అక్కడ చూపే కారణాల్లో తల్లిదండ్రుల హక్కు ఒకటి.

ఆ అమెరికాలోనే తెగల పోరాటం వల్ల 1978లో ఆదివాసీ బాలల సంక్షేమ చట్టం వచ్చింది. బిడ్డను కుటుంబం నుంచి వేరుచేయవలసి వస్తే బంధువులకూ తెగకూ ప్రాధాన్యమివ్వాలని అది శాసించింది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. హోపీ తండ్రులు అల్కాట్రాజ్‌కు వెళ్లిన 128 ఏళ్లకు!

పశ్చిమ జర్మనీ 1949లో రాసుకున్న మౌలిక శాసనం ఈ విషయాన్ని మరింత స్పష్టంగా చెప్పింది. నాజీలు యువజన దళాల్లో సభ్యత్వాన్ని నిర్బంధం చేసి, ఇంట్లో తండ్రి మీద కొడుకును నిఘా పెట్టిన రోజులు అప్పటికి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అందుచేత బిడ్డల పెంపకం తల్లిదండ్రుల సహజమైన హక్కు అని ఆరవ అధికరణం ప్రకటించింది. ఆ వాక్యంలోనే అది వారి ప్రథమ బాధ్యత అని కూడా అన్నది. ఆ బాధ్యత నెరవేరుతున్నదీ లేనిదీ సమాజం కనిపెట్టి ఉంటుందని వెంటనే మరో వాక్యం చేర్చింది. ఫాసిజాన్ని అనుభవించిన ప్రజలు హక్కును, బాధ్యతను విడదీయకూడదని తెలుసుకున్నారు.

7

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మన రాజ్యాంగంలో బిడ్డ పెంపకాన్ని తల్లిదండ్రుల హక్కుగా ప్రకటించే అధికరణం ప్రత్యేకంగా లేదు. బడుల్లో మతబోధ విషయంలో మైనరు తరఫున సంరక్షకుడి సమ్మతి అవసరమని 28వ అధికరణం అంటుంది. 2002 నాటి 86వ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆ సవరణే తల్లిదండ్రుల మీద ఆ చదువుకు అవకాశం కల్పించే ప్రాథమిక విధిని మోపింది. అంటే ఇక్కడ హక్కుదారు బిడ్డ, తల్లిదండ్రులు బాధ్యులు. ఈ అమరికలో గొప్ప వివేకం ఉంది.

కాని కాగితం మీది వివేకానికి పక్కదారులు లేకపోలేదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించారు. అదే కలంతో, బడి వేళలు ముగిశాక కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునని మినహాయింపు ఇచ్చారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పత్తి విత్తనాల చేలను ఎరిగినవారికి ఈ మినహాయింపు బరువు తెలుస్తుంది. అక్కడ పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. తండ్రికి ముందే అడ్వాన్సు ముట్టజెబుతారు. బిడ్డ పూలకాలమంతా చేలో ఉంటుంది. విత్తనం చివరకు చేరేది కంపెనీ గోదాముకు. అడిగితే, అమ్మానాన్నల ఇష్టంతోనే వచ్చారంటారు. షార్లెట్ పత్తి మిల్లులో వినిపించిన వాదం మన పత్తి చేలో వినిపించడానికి సముద్రాలు అడ్డురాలేదు. పేద తల్లిదండ్రులు బిడ్డల్ని చదివించాలనుకోరన్న అపవాదు ఎంత అబద్ధమో రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ కృషి రుజువు చేసింది. బడి అందుబాటులోకి వచ్చి, ఊరు అండగా నిలిస్తే కూలి తల్లులే బిడ్డల్ని పనిమాన్పించి పంపారు.

ఇక భాష సంగతి. కర్ణాటక ప్రభుత్వం 1994లో ప్రాథమిక తరగతులకు మాతృభాషనో కన్నడాన్నో బోధనాభాషగా నిర్దేశించింది. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అలా నిర్దేశించే అధికారం ప్రభుత్వానికి లేదని చెప్పింది. బోధనాభాషను ఎంచుకునే స్వేచ్ఛ బిడ్డది. బిడ్డ తరఫున తల్లిదండ్రులది. ఆ కేసును నడిపించినది ఇంగ్లీషు మాధ్యమ ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాల సంఘం. ఆరిగన్ కేసు గుర్తుకు రాకమానదు. అయిదేళ్ల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో దీనికి ఎదురు దిశలో, ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆపైన ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, అత్యధికులు ఇంగ్లీషునే కోరారని ప్రకటించింది.

ఆ ప్రకటన చదివినప్పుడు నాకు బాధ కలిగిన మాట నిజం. కాని ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టే అర్హత నాకు ఎక్కడిది? తెలుగులో చదివిన కూలివాడి కొడుకు ఉద్యోగాల వేటలో ఎక్కడ ఆగిపోతున్నాడో వాళ్లు చూస్తున్నారు. ఊళ్లో ఉన్నవాళ్ల పిల్లలు ఏ బడి బస్సెక్కి పోతున్నారో చూస్తున్నారు. తెలుగు గొప్పతనం గురించి వేదికలెక్కి మాట్లాడే మాబోటివాళ్లలో ఎంతమంది బిడ్డలు తెలుగు మాధ్యమంలో చదువుతున్నారో కూడా చూస్తున్నారు. తెరిచి ఉన్న తలుపు ఒక్కటే అయినప్పుడు దాంట్లోంచి వెళ్లినవాణ్ణి చూపి, ఇదే అతని ఇష్టం అనడం న్యాయం కాదు. అలాగని ఆ ఒక్క తలుపునూ చట్టంతో మూసివేయమని కోరితే మనం నెబ్రాస్కా శాసనసభ పక్కన నిలబడతాం. చేయవలసింది రెండో తలుపు తెరవడం. తెలుగులో చదివినవాడికి ఉన్నత విద్యలో, ఉద్యోగంలో, కోర్టులో, కార్యాలయంలో చోటు దొరకాలి. ప్రభుత్వ బడిలో ఇంగ్లీషును చక్కగా నేర్పాలి. అప్పుడు అడగాలి తల్లిదండ్రుల ఇష్టమేమిటో. అప్పుడు వచ్చే జవాబును శిరసావహించాలి, అది మనకు రుచించినా రుచించకపోయినా.

హోపీ తండ్రీ, డాగన్‌హార్టూ ఇద్దరూ బిడ్డల్ని ప్రేమించినవాళ్లే. ఒకడు కొడుకును రాజ్యం బడికి పంపనని చెరసాలకు వెళ్లాడు. మరొకడు కొడుకుల్ని మిల్లులో ఉంచమని కోర్టుకు వెళ్లాడు. ఇద్దరి నోటా వచ్చింది తండ్రి హక్కు అన్న మాటే. మొదటివాడి వెనుక అతని తెగ నిలిచింది. రెండవవాడి వెనుక యజమానుల సంఘం నిలిచింది. తల్లిదండ్రుల హక్కు గురించి ఎవరైనా గొంతెత్తినప్పుడు మనం ముందుగా చూడవలసింది ఆ గొంతు వెనుక ఎవరున్నారో. ఆ తర్వాత బిడ్డ దగ్గరకు వెళ్లి, నువ్వేమంటావని అడగాలి.